నీళ్లనడిగి తెచ్చిన కట్టె

నాకు ముక్కు మీద కోపం. రాయచూరులో మా టింబర్ డిపోకు వచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. టీలో చక్కెర తక్కువైతే గ్లాసు వెనక్కి పంపిస్తాను, దూలంలో అంగుళం వంకరుంటే లారీనే వెనక్కి పంపిస్తాను. మా ఆయన వాసుదేవ్ బతికున్నప్పుడు "కమలాక్షీ, నువ్వు బాగున్నరా అని అడిగినా తిట్టినట్టే ఉంటది" అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ డిపో నేనే చూసుకుంటున్నాను. దేవుడికి తప్ప ఎవరికీ చేతులు జోడించే అలవాటు లేని నేను, మొన్న ఏప్రిల్‌లో ఒక్క సాయంత్రం నలుగురు మనుషులను తలుచుకుని దండం పెట్టుకున్నాను. ఎందుకో చెబుతాను.

మా అమ్మాయి శ్రీనిధి రెండేళ్ల కింద బ్యాంకు ఉద్యోగం వదిలేసి, నవ్యశ్రీ అనే స్నేహితురాలితో కలిసి సముద్రం ఒడ్డునున్న కార్వారులో ఒక పాత తెరచాప పడవ కొన్నది. యాట్ అంటారట దాన్ని. పొడవు ఇరవై రెండు అడుగులు, మధ్యలో ఒక స్తంభం, లోపల ఇద్దరు కాళ్లు ముడుచుకుని పడుకునేంత అర. వచ్చినవాళ్లకు తెరచాప నడపడం నేర్పిస్తారు, అదీ వాళ్ల బతుకుతెరువు. మా వంశంలో నీళ్ల మీద బతికినవాళ్లు లేరు. బెల్లం అమ్మారు, బియ్యం అమ్మారు, మా మామగారి కాలం నుంచి కట్టె అమ్ముతున్నాం. సముద్రం మీద దుకాణం పెట్టింది ఈ పిల్ల ఒక్కతే. మొదట్లో నెల రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత మాట్లాడకుండా ఉండలేక మాట్లాడాను.

ఈ జనవరిలో ఒకరోజు వాళ్లిద్దరూ సముద్రం మీద ఉండగా గాలి పూర్తిగా పడిపోయిందట. మోటారు వేస్తే కాసేపు గురగురలాడి ఆగిపోయిందట. ఐదు గంటలపాటు నీటి వాలు పడవను మెల్లగా రాళ్ల వైపుకు తోస్తూ పోయింది. చివరికి చేపలు పట్టేవాళ్ల పడవ ఒకటి అటుగా వచ్చి, తాడు విసిరి లాక్కుపోయింది. ఈ సంగతి శ్రీనిధి నాకు మూడు వారాల తర్వాత చెప్పింది, అదీ ఫోన్‌లో వేరే మాట చెబుతూ నోరు జారి.

"రాళ్లు ఎంత దూరంల ఉండె?" అని అడిగాను.

"మన డిపో గేటు కాన్నుంచి సామిల్లు ఎంత దూరం? గంత" అన్నది.

ఆ సాయంత్రం గేటు నుంచి, దుంగలు కోసే ఆ సామిల్లు దాకా నడిచి చూశాను. నలభై మూడు అంగలు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి పడవ అమ్మెయ్యమన్నాను.

"అమ్మను. మాకు కావాల్సింది తెడ్లు" అన్నది శ్రీనిధి. గాలీ మోటారూ రెండూ చేతులెత్తేస్తే పడవను కదిలించేది తెడ్డు ఒక్కటే. దుకాణాల్లో దొరికేవి పొట్టివి, పడవ అంచు నుంచి నీళ్లకు అందవు. వాళ్ల దగ్గర ఉన్న రెండు ప్లాస్టిక్‌వి అన్నం గరిటెల్లాంటివి. అసలు చిక్కు ఏమిటంటే, ఏప్రిల్ మొదటి వారంలో పడవను కార్వారు నుంచి మల్పెకు తీసుకుపోవాలి. వానలు రాకముందే అక్కడ గట్టెక్కించి అడుగుభాగం బాగుచేయించాలి. తీరం వెంబడి మూడు రోజుల ప్రయాణం. తెడ్లు దొరికితే తెడ్లతో, దొరకకపోతే లేకుండానే పోతామని తేల్చి చెప్పింది.

"ఇంత కట్టె పెట్టుకుని నేను కూసుంటే నువ్వు ప్లాస్టిక్ తెడ్డు పట్టుకుని పోతవా? నేను చేయిస్త" అన్నాను.

అదే రోజు బొమ్మ గీసి, కొలతలు రాసి వాట్సాప్‌లో పంపింది. పొడవు తొమ్మిదడుగులు. కర్ర లావు రెండంగుళాలు. నీళ్లలో ఆడే రెక్క అంచు అరంగుళం. కట్టె తేలికగా, ముడులు లేకుండా ఉండాలి. కింద గీత గీసి మరీ రాసింది: ఒక్కో తెడ్డు బరువు మూడు కిలోలకు మించొద్దు.

నేను చదివి నవ్వుకున్నాను. మా దగ్గర పందిరి గుంజలు కూడా మూడంగుళాలకు తక్కువుండవు. సముద్రం సంగతి పిల్లకు తెలుసు, కట్టె సంగతి నాకు తెలుసు అనుకున్నాను. తేలిక కట్టె విరుగుతుంది, విరిగితే నడిసముద్రంలో నా బిడ్డ గతేంటి? అందుకని డిపో వెనక గోడకు ఆనించి ఉన్న దూలం మీద చెయ్యి వేశాను. అది కమర కట్టె, కొన్ని పల్లెల్లో నారేపి అంటారు. మేకు కొడితే మేకే వంగుతుంది. పాత ఇల్లు ఒకటి కూలగొట్టినప్పుడు వాసుదేవ్ దాన్ని కొని, ఎవరెంత అడిగినా అమ్మలేదు. ఇంతకంటే గట్టి కట్టె ఈ జిల్లాలో లేదనేవాడు. ఉన్నదాంట్లో గట్టిది బిడ్డకు కాకపోతే ఇంకెవరికి?

తెడ్లు చెయ్యమని హంపయ్యకు అప్పజెప్పాను. హంపయ్యది ఇడపనూరు. డెబ్బై ఏళ్లుంటాయి, బండ్లు చేసే వడ్లాయన. ఎడ్లబండ్లు తగ్గిపోయాక మా డిపోకు తలుపులూ దర్వాజాలూ చేసిపెడుతున్నాడు. ఆయన చేసిన బండి నొగ విరిగిందని ఇంతవరకు ఎవరూ రాలేదు. చెప్పిన బరువు కంటే ఎప్పుడూ రెండు సంచులు ఎక్కువ మోసేట్టు చేస్తాడు. ఫోన్‌లో బొమ్మ ఒక్కసారి చూపించి, కొలతలు మాత్రం నా నోటితో చెప్పాను. కర్ర మూడంగుళాలు, రెక్క అంగుళం.

"కాయితంల వేరే ఉన్నట్టుంది కద సావుకారమ్మా" అన్నాడు హంపయ్య. ఆయనకు చదువు రాదు గానీ అంకెలు వస్తాయి.

"నేను చెప్పినట్టు చెయ్యి హంపయ్యా. పోయేది నా బిడ్డ."

ఆయన దూలం మీద గీతలు గీసుకున్నాడు. పదిహేను రోజులు పట్టింది. రెండు ఉలుల నోళ్లు పోయాయి. తెడ్లు తయారయ్యాక నూనె పట్టించి గోడకు నిలబెడితే నల్లెరుపుగా మెరిసిపోయాయి. నేను రోజుకు నాలుగుసార్లు పోయి నిమిరి వచ్చేదాన్ని.

మార్చి ఇరవై నాలుగున శ్రీనిధి వచ్చింది. తెడ్లను చూసి ముందు "అబ్బ, ఎంత బాగున్నయ్" అన్నది. తర్వాత ఒకటి ఎత్తింది. ఎత్తి, దించి, నా ముఖంలోకి చూసింది. "నీళ్లల వేసి చూద్దాం పా" అన్నది.

కృష్ణ ఒడ్డుకు పోయాం, నేనూ శ్రీనిధీ హంపయ్యా. అవతల ఒడ్డు తెలంగాణ. ఆ రేవులో మారెవ్వ అనే ఆవిడ పుట్టి నడుపుతుంది. వెదురు అల్లి, తారు పూసిన గుండ్రటి పుట్టిలో మనుషులనూ మేకలనూ అటూ ఇటూ దాటిస్తుంది. చేపల సంఘంవాళ్ల పాత ఫైబర్ పడవ కూడా ఆమె కాపలాలోనే ఉంటుంది. శ్రీనిధి తెచ్చిన ఇనుప కొండ్లను ఆ పడవ అంచులకు బిగించి, తెడ్లను వాటిలో ఆనించింది. మారెవ్వ ఒక తెడ్డును రెండు చేతులా లేపి చూసి, "ఇది తెడ్డా, రోకలా?" అన్నది. నాకు ఒళ్లు మండింది. పుట్టి తోసుకునే మనిషికి కట్టె గురించి ఏం తెలుసని అనుకున్నాను.

శ్రీనిధి మడుగులోకి పోయింది. పది సార్లు వేసేసరికి భుజాలు పైకి లేచాయి. ఇరవై సార్లకు ఆగి ఊపిరి పీల్చుకుంది. మళ్లీ వేయబోతే ఎడమ చేతి తెడ్డు కొండిలోంచి లేచి, చెయ్యి జారి నీళ్లలో పడింది. పడ్డది పడ్డట్టే కిందికి పోయింది. నాలుగు బుడగలు వచ్చాయి. మేం ముగ్గురం ఒడ్డున నిలబడి అది తేలుతుందని చూస్తున్నాం, అది తేలలేదు.

మారెవ్వ పుట్టి వేసుకుపోయి శ్రీనిధి పడవను ఒడ్డుకు లాక్కొచ్చింది. "యాభై ఏండ్ల సంది నీళ్ల మీద ఉన్న. మునిగే తెడ్డును ఇయ్యాలనే సూసిన" అన్నది. నవ్వుతూ మొదలుపెట్టింది గానీ, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "అమ్మా, మా తెడ్డు చెయ్యి జారితే తేలుకుంట పక్కనే ఉంటది. చెయ్యి సాపితే దొరుకుతది. నీళ్లల పోయే కట్టెను నీళ్లనడిగే తెచ్చుకోవాలె. మా అత్త నాకు గదే నేర్పింది. అడగకుంట తెస్తే గిట్లనే అయితది."

శ్రీనిధి పడవ దిగింది. ముఖం తెల్లబోయి ఉంది. జనవరి సంగతి ఆమె కళ్లలో కనబడింది నాకు. హంపయ్య వైపు తిరిగి, "తాతా, నేను పంపిన కాయితం నువ్వు సూడలేదా? తేలిక కట్టె అని రాసిన. మూడు కిలోలని రాసిన" అన్నది. గొంతు పెంచలేదు, అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

హంపయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే. తర్వాత తలకు చుట్టుకున్న రుమాలు తీసి భుజాన వేసుకుని, "నాదే తప్పు బిడ్డా. బండ్లు చేసిన చెయ్యి. పడవ సంగతి తెలుసుకోకుంట చేసిన" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. ఊళ్లో అందరినీ నోటితోనే గెలిచే మనిషిని, ఆ ఒడ్డున ఒక్క మాట చెప్పలేకపోయాను. టెంపోలో తిరిగి వస్తున్నంతసేపూ మిగిలిన ఒక్క తెడ్డు మా కాళ్ల దగ్గర దొర్లుతూ వచ్చింది.

ఇంటికొచ్చి జొన్నరొట్టెలు చేశాను, పుంటికూర పప్పు వేడి చేశాను. శ్రీనిధి తింటూ ఉంది, నేను పప్పు గిన్నెను అటూ ఇటూ జరుపుతున్నాను. పన్నెండు రోజుల్లో పడవ బయల్దేరుతుంది. తెడ్లు లేకుండా పోతుంది. అంతకంటే ఘోరం, నేను చేయించినవి నమ్ముకుని పోయి ఉంటే? ఈ ప్రశ్న నన్ను నమిలేసింది.

"నిధీ, హంపయ్య తప్పేం లేదు" అన్నాను. "కట్టె మార్చింది నేను. కొలతలు మార్చింది గూడ నేనే. ఆయన అడిగిండు గూడ, కాయితంల వేరే ఉన్నది కద అని. నేనే నోరు మూయించిన."

"తెల్సు" అన్నది శ్రీనిధి, రొట్టె తుంచుతూ. "నీ మాట లేకుంట హంపయ్య తాత మేకు గూడ కొట్టడు. నువ్వు చెప్తవా చెప్పవా అని సూస్తున్న." కంచం పక్కకు జరిపి, "ఎందుకు మార్చినవ్?" అని అడిగింది.

"భయం" అన్నాను. "సన్నగుంటే విరుగుతదని. లావుగుంటే నిన్ను పట్టుకుంటదని."

వాసుదేవ్ పోయిన తర్వాత ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. శ్రీనిధి చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకు గూడ భయమే అమ్మా. గందుకే మూడు కిలోలని రాసిన. నేను గంటలకొద్ది ఎత్తగలిగేది గంతే. నా చేతులు ఎంత మోస్తయో నాకు తెలుసు కద" అన్నది. తర్వాత, "ఇంక పన్నెండు రోజులున్నయ్. నేను ఈడనే ఉంట" అన్నది. ఆమె నన్ను తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టి తేలికపడి ఉండేదాన్ని. తిట్టలేదు. అందుకు ఆ పిల్లకు ఎంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఇడపనూరు పోయాం. హంపయ్య వాకిట్లో కూర్చుని రంపం పళ్లకు పదును పెడుతున్నాడు. నేను నిలబడే అడిగాను.

"నా తప్పు నువ్వెందుకు నెత్తిన వేసుకున్నవ్ హంపయ్యా?"

ఆయన ఆకురాయి ఆపలేదు. "బిడ్డ నీళ్ల మీదికి పోతున్నది సావుకారమ్మా. పోయేటప్పుడు తల్లి మీద కోపం పెట్టుకుని పోవద్దు. నా మీద ఎంత కోపం పెట్టుకుని పోయినా ఫికర్ లేదు" అన్నాడు.

పక్కన నిలబడ్డ శ్రీనిధి పోయి ఆయన చేతిలోంచి రంపం తీసి పక్కన పెట్టి, "తాతా, మళ్ల చేద్దాం. ఈసారి నేను గూడ చేస్త" అన్నది. ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. కట్టె దొరికిందా అని అడిగాడు.

దొరకలేదు. మారెవ్వ చెప్పినట్టు నీళ్లనడుగుదామని, డిపోలో ఉన్న ప్రతి రకం నుంచీ జానెడు ముక్క కోయించి సిమెంటు తొట్టిలో వేశాం. టేకు ముప్పాతిక మునిగింది. వేప అంతే. మత్తి, అంటే మద్ది, అంచు మాత్రమే కనబడింది. మా సామిల్లులో పనిచేసే వాళ్లంతా తొట్టి చుట్టూ చేరి జాతరలా చూశారు. ముప్పై ఏళ్లుగా కట్టె మధ్యనే బతుకుతున్న నేను, ఏ కట్టె నీళ్లలో ఎట్లా ఉంటుందో ఆరోజే చూశాను. ఏదీ శ్రీనిధికి నచ్చలేదు.

అప్పుడు నాకు బసవప్ప గుర్తొచ్చాడు. గుర్తు రాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. బసవప్పది మాన్వి తాలూకా మల్లట్. పొలం గట్ల మీద హెబ్బేవు చెట్లు పెంచాడు. నిటారుగా, తొందరగా పెరిగే రకం, వేపకు చుట్టం. పండ్ల పెట్టెలకూ ప్లైవుడ్‌కూ పోతుంది. పోయిన ఏడాది ట్రాక్టరు నిండా వేసుకుని నా డిపోకు తెచ్చాడు. "పోయి అగ్గిపుల్లలు చేసుకో, నా గేటు లోపల పెట్టకు" అని నలుగురిలో అని, ట్రాక్టరును వెనక్కి తిప్పించాను. తేలిక కట్టెంటే నాకు అంత చులకన.

మల్లట్ పోయేసరికి మధ్యాహ్నమైంది. బసవప్ప మమ్మల్ని చూసి మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు. అంతా అయ్యాక, "ఏనమ్మా, అగ్గిపుల్లలు కావాల్నా?" అన్నాడు.

"కావాలె బసవప్పా. తొమ్మిదడుగులవి" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు నాకు రావలసిందే.

ఎందుకు కావాలో శ్రీనిధి చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆయన నవ్వు తగ్గిపోయింది. లేచి కొట్టంలోకి తీసుకుపోయాడు. ఏడాది కింద కోయించి, నీడలో ఎండబెట్టిన హెబ్బేవు పలకలు ఉన్నాయి, తన ఇంటి గదికి పైకప్పు వేసుకుందామని దాచుకున్నవి. ఒక్కొక్కటీ లేపి, ఒక కన్ను మూసి చివరి దాకా చూసి, ముడి ఉన్నది పక్కన పెడుతూ, మంచివి ఎనిమిది ఏరాడు. శ్రీనిధి ఒక ముక్క తీసుకుపోయి ఎడ్లు నీళ్లు తాగే తొట్టిలో వేసింది. అది సగానికి పైగా నీళ్ల మీదే నిలిచింది.

"మా కప్పు వచ్చే ఏడు ఏస్కుంటం. బిడ్డకు ముందు" అన్నాడు బసవప్ప. ఆ రోజు ఆయన నన్ను గేటు బయట నిలబెట్టి ఉంటే నేనేం అనగలను? నిలబెట్టలేదు. పలకలు టెంపోలోకి తనే మోశాడు, అంచులు దెబ్బతినకుండా కింద గోనెసంచులు పరిచాడు.

తర్వాత ఎనిమిది రోజులు ఇడపనూరులోనే గడిచాయి. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లం. పలకలను సన్న పట్టీలుగా కోసి, ఒకదాని మీద ఒకటి నీళ్లకు ఊడని జిగురుతో అతికించాలి. ఉత్త హెబ్బేవు అయితే ఎక్కువ వంగుతుందని హంపయ్య అనుమానం. మిగిలిన కమర తెడ్డును తెచ్చి నిలువునా కోసి, చిటికెన వేలంత మందం పట్టీ ఒకటి ఒక్కో కర్ర నడుమ పెట్టాడు. బరువు లెక్క వేసుకుని శ్రీనిధి సరేనన్నది. ఆరే దాకా బిగించి పెట్టడానికి సరిపడా బిగింపులు లేకపోతే, ఆయన పాత సైకిల్ ట్యూబులను రిబ్బన్లలా కత్తిరించి కర్ర పొడవునా చుట్టాడు. సందుల్లో చెక్కచీలలు కొట్టాడు. బండి చక్రం బిగించే మనిషికి అది ఒక లెక్క కాదు.

పిడి చెక్కేముందు శ్రీనిధిని పిలిచి, పిడికిలి బిగించమన్నాడు. దాని చుట్టూ దారం చుట్టి కొలిచాడు. "నాగలి పిడైనా గడ్డపార పిడైనా పట్టేటోళ్ల పిడికిలి సూసే చెక్కాలె. మొదటిసారి నిన్ను సూడకుంట చేసిన, గది మాత్రం నిజంగ నా తప్పే" అన్నాడు.

శ్రీనిధి చిత్రిక పట్టింది. నాకు గరుకు కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు. కట్టె అమ్మడమే గానీ కట్టె పని ఎప్పుడూ చెయ్యలేదు నేను. మూడోరోజుకు వేళ్లు వాచాయి, గాజుల నిండా పొట్టు. సన్నబడుతున్న కర్రను చూస్తే నా గుండె కూడా సన్నబడుతున్నట్టుండేది. "ఇంక చాలు, విరుగుతదేమో" అన్నాను ఒకసారి. ఇద్దరూ పని ఆపి నా వైపు చూశారు. నేను తల వంచుకుని నా కాగితం రుద్దుకున్నాను.

చివరికి కాటా మీద పెడితే ఒకటి మూడు కిలోలు, రెండోది రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. హంపయ్య తెడ్డును రెండు ఇటుకల మీద ఆనించి, నడుమ కాలు పెట్టి తన బరువంతా మోపాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కర్ర కొంచెం వంగి ఉంది. ఆయన కాలు తీయగానే మళ్లీ నిటారుగా లేచింది. ఇనుప కొండిలో ఒరుసుకునే చోట ఎడ్ల పట్టెడకు వాడే తోలు చుట్టి కుట్టాడు. శ్రీనిధి మూడు పూతలు వార్నిష్ వేసింది.

మళ్లీ కృష్ణకు పోయాం. ఈసారి తెడ్డును శ్రీనిధి వెయ్యలేదు, మారెవ్వే తీసుకుంది. పుట్టిలో నడినీళ్లకు పోయి తెడ్డును ఎత్తి విసిరింది. అది బుడుంగున మునిగి, వెంటనే పైకి లేచి, రెక్క వెల్లకిలా పెట్టుకుని మెల్లగా వాలులో పోతూ ఉంది. మారెవ్వ తొందరపడకుండా పక్కనే కొంతదూరం పుట్టి నడిపి, చెయ్యి చాపి తీసుకుంది. ఒడ్డుకొచ్చి శ్రీనిధి చేతిలో పెట్టి, "ఇగ తీస్కపో" అన్నది.

నేను మారెవ్వ రెండు చేతులూ పట్టుకున్నాను. తడిగా, గట్టిగా ఉన్నాయి. "నువ్వు ఆనాడు ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నేను వినకపోతుంటి" అన్నాను. ఆమె సిగ్గుపడి, "గంత మాటెందుకమ్మా" అని చేతులు వెనక్కి తీసుకుంది. నాకు మాత్రం మనసు నిండిపోయింది.

ఏప్రిల్ ఐదున పడవ కార్వారు నుంచి బయల్దేరింది. మొదటి రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది, గాలి బాగుంది, అన్నం వండుకున్నాం అని. రెండో రోజు మధ్యాహ్నం లోపల భట్కల్ చేరి ఫోన్ చెయ్యాలి. పన్నెండైంది, రెండైంది. నేను చేస్తే పలకడం లేదు. నేను ఒక లారీ డ్రైవరును కారణం లేకుండా తిట్టాను. తర్వాత అతనికి మజ్జిగ ఇప్పించాను. మూడున్నరకు డిపోలో సామిల్లు ఆపించేశాను, ఫోన్ మోత వినబడదేమోనని. పనివాళ్లు ఎవరూ ఎందుకని అడగలేదు.

నాలుగూ నలభైకి మోగింది.

"అమ్మా, రేవుల ఉన్నం" అన్నది శ్రీనిధి. గొంతు బొంగురుపోయింది. పొద్దున పదింటికి గాలి పూర్తిగా పడిపోయిందట. మోటారు ఒకసారి పొగ కక్కి ఆగిపోయిందట. తీరం రాళ్ల వైపుకు నీటి వాలు మెల్లగా లాగుతోంది, అచ్చం జనవరిలోలాగే. ఈసారి చుట్టుపక్కల ఒక్క పడవ కూడా లేదు. తెడ్లు వేశారు. అరగంట ఒకరు, అరగంట ఇంకొకరు, రెండోవాళ్లు చుక్కాని పట్టుకుని. మొదట కదిలినట్టే అనిపించలేదట. తర్వాత కదలిక తెలియడానికి గట్టు మీది ఒక తెల్లటి గోడను చూస్తూ వేశారట. ఐదున్నర గంటలు వేశారు. రేవులోకి వచ్చాక లేచి నిలబడలేకపోయారట.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఫోన్ చెవి దగ్గరే ఉంది. నా తప్పును తన నెత్తిన వేసుకున్న హంపయ్యకు, ఉన్న మాట ముఖాన అన్న మారెవ్వకు, తన ఇంటి కప్పు తీసిచ్చిన బసవప్పకు, జనవరిలో తాడు విసిరి పేరు కూడా చెప్పకుండా పోయిన ఆ చేపలవాడికి ఒకరి తర్వాత ఒకరికి మనసులో చేతులు జోడించాను. కళ్లనీళ్లు పెట్టుకున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

"ఇయ్యాల మస్తు భయమైంది. ఉత్తగ చెప్త లేను. నువ్వు చెప్పినట్టు పడవ అమ్మేస్త. నువ్వు ఊ అను, మల్పెలనే అమ్మేసి ఇంటికొస్త" అన్నది.

జనవరి నుంచి ఆ మాట కోసమే ఎదురుచూశాను. అమ్మెయ్యమనే మాట నా నాలుక చివరనే ఉంది, ఒక్క ఊపిరి తీస్తే బయటపడేది. ఐదున్నర గంటలు తెడ్డు వేసి ఒడ్డుకు చేరిన పిల్ల, నా ముందు చిన్నపిల్లలా నిలబడి నన్ను అడుగుతోంది.

"చేతులు ఎట్లున్నయ్?" అని అడిగాను.

"బొబ్బలెక్కినయ్."

"నవ్యశ్రీవి?"

"ఆమెవి గూడ."

"రెండు జతలుంటే ఇద్దరు ఒక్కసారే వేయొచ్చా?"

"వేయొచ్చు. చుక్కాని కట్టేసి వేయొచ్చు" అన్నది శ్రీనిధి మెల్లగా.

"అయితే పడవను ఉండనియ్యి. ఇంకో జత చేయిస్త. నవ్యశ్రీ కొలతలు రాసి పంపు, కాయితంల ఎట్లుంటే అట్లనే చేయిస్త" అన్నాను.